బ్రష్‌తో పుప్పొడి అంటిస్తున్నా ఆవ మొక్కకు కాయలు పట్టడం లేదు, ఎందుకు?

ప్రశ్న
లైట్ల కింద బ్రాసికా రాపా ఆవ మొక్కలు రెండున్నాయి, రెండూ ఒకే కాయలోని గింజలు. రోజూ ఏ మొక్క పుప్పొడి ఆ మొక్క పూలకే అంటిస్తున్నాను. రేకలు రాలిపోతున్నాయి, కాయ మాత్రం సాగడం లేదు. బ్రాసికా జున్సియాకు ఇలాగే చేస్తే నిండా కాసింది. ఒకే మొక్క నుంచి విత్తనం తీసే దారి ఉందా?

జవాబు 1
బ్రష్ తప్పేం లేదు. రాపాలో చాలా రకాలకు ఆత్మవంధ్యత్వం ఉంటుంది, అంటే సొంత పుప్పొడితో కాయ పట్టదు. జున్సియాకు లేదు, సొంత పుప్పొడితోనే కాస్తుంది. కీలాగ్రం మీది కణాల్లో ఎస్‌ఆర్‌కే అనే ప్రోటీన్, పుప్పొడి పూతలో ఎస్‌సీఆర్ అనే చిన్న ప్రోటీన్ ఉంటాయి. రెండూ ఒకే ఎస్ రకానివైతే (ఎస్ అంటే సొంత పుప్పొడిని గుర్తుపట్టే జన్యువుల చోటు) కీలాగ్రం ఆ రేణువుకు తడి అందనివ్వదు. పొడిగా ఉండిపోయిన రేణువు నుంచి నాళం రాదు, ఇక కాయ ఎక్కడిది?

దారి ఉంది, మొగ్గలోనే పుప్పొడి అంటించడం. ఎస్‌ఆర్‌కే నిండుగా పేరుకునేది పూవు విచ్చే సమయానికి. అందుకే విచ్చడానికి 2–4 రోజుల ముందున్న పచ్చి మొగ్గను సన్న పట్టకారుతో తెరిచి, ఆరు కేసరాలూ తీసేసి, అదే మొక్క మీద ఆ పొద్దున విచ్చిన పూవు పరాగకోశాన్ని కీలాగ్రం మీద రుద్దండి.

జవాబు 2
ఒక్క సవరణండీ. ఇక్కడ కేసరాలు తీయనక్కర్లేదు, అవీ అదే మొక్కవే కదా. తీయబోతే అండాశయం గీరుకుని మొగ్గ వాడిపోతుంది. సంకరం చేసేటప్పుడే అవి తీయాలి.

అసలు పొరపాటు వయసు దగ్గర జరుగుతుంది. మరీ చిన్న మొగ్గలో కీలాగ్రం పుప్పొడిని పట్టుకోదు, రేపు విచ్చబోయేది అప్పటికే తిప్పికొడుతుంది. గుత్తిలో కింది నుంచి పైకి మొగ్గల వయసు తగ్గుతుంది కాబట్టి వరసగా నాలుగైదింటికి అంటించి, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టండి. ఏది సాగితే ఆ వయసు పట్టుకోండి. గింజలు తక్కువే వస్తాయి.

జవాబు 3
ఆ రెండు మొక్కల్నీ ఒకదానితో ఒకటి కలపాలన్నా జాగ్రత్త. ప్రతి మొక్కకూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ఎస్ జన్యు రూపాలు వస్తాయి. తల్లిదండ్రుల్లో నాలుగు వేర్వేరు ఎస్ రూపాలున్నాయనుకుంటే, తోబుట్టువులిద్దరిదీ అచ్చంగా ఒకే జత అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. ఒక్క రూపమే కలిసినా, పుప్పొడిలో ఏది ప్రబలమో దాన్నిబట్టి ఒక వైపు కాసి రెండో వైపు కాయకపోవచ్చు. రెండు వైపులా అంటించి చూడండి. ఈసారి వేరే వేరే తల్లుల గింజలతో ఆరేడు మొక్కలు పెంచితే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది.