బీగిల్‌బోన్ బ్లాక్ (చిన్న కంప్యూటర్ బోర్డు): ఎస్‌డీ కార్డ్ నుంచి డెబియన్ లైనక్స్ లేవట్లేదు, సీరియల్‌లో వరసగా 'సీ'లు

బోర్డుపిచ్చి:
అన్నలూ, డీబూట్‌స్ట్రాప్ టూల్‌తో డెబియన్ రూట్‌ఎఫ్‌ఎస్ (సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండే ఫోల్డర్) రెడీ చేసి కార్డ్‌లో ఒకటే ఈఎక్స్‌టీ4 (లైనక్స్ ఫైల్‌సిస్టమ్) పార్టిషన్ పెట్టి మొత్తం కాపీ కొట్టా, కెర్నల్, డీటీబీ (బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కి చెప్పే ఫైల్), ఎక్స్‌ట్‌లైనక్స్ (బూట్ సెట్టింగుల) ఫైల్ అన్నీ ఉన్నాయి. మామూలుగా పవర్ ఇస్తే ఈఎంఎంసీలో (బోర్డు మీదే ఉండే స్టోరేజ్ చిప్) ఉన్న పాత డెబియనే లేస్తోంది. కార్డ్ నుంచి లేపే ఎస్2 బటన్ నొక్కి పవర్ ఇస్తేనేమో సీరియల్‌లో (బోర్డు మెసేజ్‌లు కనిపించే కేబుల్ కనెక్షన్) ఇంగ్లీష్ 'సీ' అక్షరం పడుతూనే ఉంటది, ఇంకేం రాదు. లాప్‌టాప్‌లో గ్రబ్ బూట్‌లోడర్ (సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) వేసినట్టు ఇక్కడ కూడా ఏమన్నా వెయ్యాలా?

రాగితీగ:
వెయ్యాలి, కానీ గ్రబ్ కాదు. ఆ 'సీ'లు ఏంటంటే చిప్ లోపలే ఉండే రోమ్‌కోడ్‌కి (పవర్ పడగానే మొదట నడిచే ప్రోగ్రామ్) ఎక్కడా బూట్‌లోడర్ దొరక్క సీరియల్‌లో ఎక్స్‌మోడెమ్‌తో (ఫైల్ పంపే పాత పద్ధతి) అయినా పంపండయ్యా అని అడుక్కోవడం. దానికి ఈఎక్స్‌టీ4 చదవడం రాదు, ఫ్యాట్ పార్టిషన్‌లో ఎంఎల్‌ఓ అన్న ఫైల్ (మొదటి చిన్న బూట్‌లోడర్) ఉండాలి, లేదంటే కార్డ్ మొదట్లో 0, 128, 256, 384 కేబీల దగ్గర ఎక్కడో ఒకచోట ఫైల్‌సిస్టమ్ లేకుండా నేరుగా రాసి ఉండాలి. ఎంఎల్‌ఓ వచ్చి డీడీఆర్ (మెయిన్ మెమరీ) లేపుతుంది, ఆ తర్వాతే అసలు బూట్‌లోడర్ యూ-బూట్ లోడ్ అయ్యేది. 0 దగ్గర ఎంబీఆర్ (పార్టిషన్ల పట్టిక) ఉంటది కాబట్టి ఎంఎల్‌ఓని డీడీ కమాండ్‌తో 128 కేబీ దగ్గర (బీఎస్=128కే, సీక్=1), యూ-బూట్ ఇమేజ్‌ని 384 కేబీ దగ్గర రాయి. ముందు పార్టిషన్ ఎక్కడ మొదలైందో చూస్కో, పార్టిషన్లు చేసే ఎఫ్‌డిస్క్‌కి వదిలేస్తే 1 ఎంబీ దగ్గరే పెడుతుంది, యూ-బూట్ పెద్దదైతే ఫైల్‌సిస్టమ్ మీదకెక్కి తొక్కేస్తది. 4 ఎంబీ నుంచి మొదలుపెడితే గొడవ లేదు.

పాతసోల్డర్:
ఇంకోటి తమ్ముడూ, ఎస్2 ని చిప్ పవర్ పడ్డప్పుడే చూస్తుంది, రీబూట్ కమాండ్ కొట్టి బటన్ నొక్కితే లాభం లేదు. బటన్ లేకుండా ఇస్తే ముందు ఈఎంఎంసీలోని పాత యూ-బూట్ లేచి అదే నీ కార్డ్‌ని బూట్ చెయ్యబోతుంది, ఆ కాంబినేషన్ తలనొప్పి. అందులో దాచుకునేది ఏం లేకపోతే ఈఎంఎంసీ మొదటి 10 ఎంబీ సున్నాలతో తుడిచెయ్. కానీ ఎల్ఎస్‌బ్లాక్ (డిస్కుల లిస్ట్ చూపే కమాండ్) చూడకుండా కొట్టకు, బూట్0, బూట్1 అని తోకలున్న డివైసే ఈఎంఎంసీ.

బోర్డుపిచ్చి:
యూ-బూట్ వచ్చింది అన్నా!! కెర్నల్ కూడా లోడ్ అయింది, కానీ చివర్లో రూట్ పార్టిషన్ మౌంట్ కాలేదని పానిక్ (కెర్నల్ ఆగిపోవడం), అన్‌నోన్ బ్లాక్ 0,0 అంటోంది. కెర్నల్ ఆప్షన్లలో రూట్ ఈక్వల్స్ యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు నంబర్) అని బ్లాక్‌ఐడీ కమాండ్‌లో చూసే ఇచ్చా.

రాగితీగ:
ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ (కెర్నల్‌తో పాటు ముందుగా మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్‌సిస్టమ్) పెట్టావా? లేకపోతే అదే కారణం. ఫైల్‌సిస్టమ్ యూయూఐడీని కెర్నల్ సొంతంగా వెతకలేదు, ఆ పని ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌లోని స్క్రిప్ట్‌లది. పార్ట్‌యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు నంబర్) అయితే కెర్నల్‌కే తెలుసు, బ్లాక్‌ఐడీలో అది కూడా కనిపిస్తుంది చూడు. పక్కనే రూట్‌వెయిట్ (రూట్ కనపడేదాకా ఆగమనే ఆప్షన్) కూడా తగిలించు, కార్డ్ కనపడటానికి కొంచెం టైమ్ పడుతుంది, ఈలోపే కెర్నల్ చేతులెత్తేస్తది.

బోర్డుపిచ్చి:
లాగిన్ ప్రాంప్ట్ వచ్చేసింది, థాంక్స్ అన్నా. ఈఎంఎంసీ ఇంకా తుడవలేదు, పాత డేటా బ్యాకప్ తీస్కుని అప్పుడు చూస్తా.