నాచు తినే చేప ఏది వేయాలి? అద్దాల మీద గోధుమ పొర, ఆకుల మీద నల్ల కుచ్చులు

నీలిరెక్క:
అందరికీ నమస్తే. ఇంట్లో 100 లీటర్ల మంచినీటి ట్యాంకు ఉంది, పెట్టి మూడు నెలలు దాటింది. అందులో నియాన్ టెట్రాలు, ఒక జత డ్వార్ఫ్ గౌరామీలు, మొక్కలేమో అనూబియాస్, జావా ఫెర్న్, వెనకవైపు వాలిస్‌నేరియా. అద్దాల మీద గోధుమ రంగు పొర పడుతోంది, వేలితో రాస్తే పొడిలా పోతుంది కానీ రెండు మూడు రోజుల్లో మళ్ళీ వచ్చేస్తోంది. దానికంటే పెద్ద టెన్షన్ అనూబియాస్ ఆకుల అంచుల వెంట మొలిచిన నల్ల కుచ్చులు, గోటితో గట్టిగా లాగితే ఆకు చిరుగుతోంది తప్ప అవి ఊడట్లేదు. షాపులో సక్కర్ ఫిష్ ఒకటి వేసేయండి, అంతా తినేస్తుంది అంటున్నారు. లైట్ రోజుకి పన్నెండు గంటల దాకా వెలుగుతుంది, మేత రెండు పూటలా, వారానికోసారి పావు వంతు నీళ్ళు మారుస్తాను. ఏ చేప వేస్తే ఈ రెండూ పోతాయి?

గులకరాయి:
రెండింటినీ తినే ఒకే చేప కోసం వెతకొద్దండి, ఎందుకంటే ఆ రెండూ వేర్వేరు రకాలు. గోధుమ పొర డయాటమ్స్ అనే కంటికి కనిపించనంత చిన్న నాచు, కొత్త ట్యాంకుల్లో దాదాపు అందరికీ వస్తుంది, ట్యాంకు కుదురుకునే కొద్దీ చాలాసార్లు దానంతట అదే తగ్గిపోతుంది. నల్ల కుచ్చులు బ్లాక్ బియర్డ్ ఆల్గే, చూడ్డానికి నల్లగా ఉన్నా అది ఎర్ర నాచుల జాతి, ఒక ముక్క తీసి స్పిరిట్‌లో వేస్తే ఎర్రబడుతుంది. బతికున్నప్పుడు దాన్ని తినే చేపలు చాలా తక్కువ.

సక్కర్ ఫిష్ మాత్రం ఈ ట్యాంకులో వద్దు. షాపులో వేలెడంత ఉంటుంది, పెరిగితే అడుగు దాటుతుంది, అంత చేప 100 లీటర్లలో వెనక్కి తిరగడానికి కూడా ఇబ్బంది పడుతుంది. పైగా అది తినేదానికి తగ్గట్టు విసర్జిస్తుంది, ఆ వ్యర్థం నైట్రేట్‌గా మారి మళ్ళీ నాచుకే ఎరువవుతుంది. పెద్దయ్యాక అద్దాల మీద నాచు మీద ఆసక్తి కూడా తగ్గుతుంది. పెంచలేక జనం చెరువుల్లో, కాలువల్లో వదిలేస్తున్నారు, చాలా దేశాల్లో ఇది సొంత చేపల్ని తొక్కేసి స్థిరపడిపోయింది. దయచేసి ఆ దారి పట్టొద్దు.

ముందు లైట్ టైమర్‌కి తగిలించి ఆరు నుంచి ఎనిమిది గంటలకి దించండి. మేత ఒక పూట చాలు, రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి. అనూబియాస్ చాలా నెమ్మదిగా పెరిగే మొక్క, నేరుగా లైట్ కింద ఉంటే ఆకు ఎదిగేలోపే దాని మీద నాచు ఎదుగుతుంది, కాబట్టి దాన్ని నీడ పడే మూలకి జరపండి. ఇవేమీ చేయకుండా ఏ చేప వేసినా నెల తిరిగేసరికి మళ్ళీ ఇక్కడికే వస్తారు.

చారలచేప:
నల్ల కుచ్చుల్ని తినేది సయామీస్ ఆల్గే ఈటర్. అయితే ఆ పేరుతో అమ్మేవాటిలో సగం అది కాదు, కాబట్టి కొనేముందు అద్దం దగ్గర నిలబడి తీరిగ్గా చూడండి. అసలుదానికి నల్ల చార మూతి దగ్గర మొదలై తోక రెక్క చివరిదాకా సాగుతుంది, చార అంచులు గీత గీసినట్టు నున్నగా ఉండవు, పొలుసుల వెంట కొంచెం రంపంలా ఉంటాయి. రెక్కలు అద్దంలా పారదర్శకం. చార పైన బంగారు గీత మెరుస్తూ, రెక్కల మీద నలుపు, తెలుపు కనిపిస్తే అది ఫ్లయింగ్ ఫాక్స్, నల్ల కుచ్చుల జోలికి పెద్దగా పోదు. నోరు గిన్నెలా అద్దానికి అతుక్కుపోతుంటే చైనీస్ ఆల్గే ఈటర్. అది చిన్నప్పుడు బాగానే ఉంటుంది, పెద్దయ్యాక మిగతా చేపల్ని తరిమి ఒంటి మీద జిగురుపొర పీకేస్తుంది, మీ గౌరామీల్లాంటి నెమ్మది చేపలు దానికి సులువుగా దొరుకుతాయి.

ఇంత చెప్పి కూడా, మీ ట్యాంకుకి సయామీస్ వేయమని నేను అనను. అది 15 సెం.మీ. దాకా పెరుగుతుంది, గుంపులో తిరగడం ఇష్టం, ఈత వేగం ఎక్కువ, నాలుగడుగుల పొడవున్న ట్యాంకు ఉండాలి. మేత పుష్కలంగా దొరికితే నాచు వదిలేసి పైకొచ్చి ఫ్లేక్స్ తినడం కూడా నేర్చేసుకుంటుంది.

నీలిరెక్క:
వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ థాంక్స్. లైట్ ఇవాళే తగ్గించాను. మరి గోధుమ పొరకి ఓటోసింక్లస్ బాగుంటుందని అంటారు కదా, చిన్న చేప, నా ట్యాంకుకి సరిపోతుందా? నల్ల కుచ్చులకి చేప కాకుండా ఇంకేం దారి?

మట్టిగంప:
ఓటోలు సైజు పరంగా చక్కగా సరిపోతాయి, 4–5 సెం.మీ. మించవు, ఎవరి జోలికీ పోవు, డయాటమ్స్ అంటే వాటికి ప్రాణం. ఒంటరిగా వేయొద్దు, ఆరు ఉంటేనే బెరుకు లేకుండా తిరుగుతాయి. అసలు కష్టమంతా మొదటి నెలలోనే. అమ్మకానికి వచ్చేవి ఎక్కువగా దక్షిణ అమెరికా నదుల్లో పట్టినవే, దారిపొడవునా తిండి ఉండదు, ఇంటికొచ్చేసరికి చాలావాటికి పొట్ట వీపుకి అంటుకుపోయి ఉంటుంది. షాపులో అవి అద్దానికి అతుక్కున్నప్పుడు కింది వైపు పొట్ట కనిపిస్తుంది కదా, అది గుండ్రంగా ఉబ్బి ఉంటేనే తీసుకోండి, లోపలికి గుంట పడి ఉంటే ఎంత జాలేసినా వదిలేయండి. వచ్చిన రోజే కొనకుండా వారం పది రోజులు షాపులో బతికినవి తీసుకుంటే ఇంకా మంచిది. ముందు చేపలకి విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ నీళ్ళలో సున్నా ఉన్నాయని టెస్ట్ కిట్‌తో చూసుకోండి.

ఇంకో మాట, ఆరు ఓటోలు మీ గోధుమ పొరని కొద్ది రోజుల్లో తుడిచేస్తాయి. ఆ తర్వాత వాటికి తిండేది? చాలా ట్యాంకుల్లో ఇవి చచ్చేది ఇక్కడే, అద్దాలు తళతళలాడుతుంటే ఆకలితో పోతాయి. ఒక బకెట్‌లో నీళ్ళు పోసి నున్నటి రాళ్ళు వేసి ఎండలో పెట్టండి, పచ్చగా పాచి పట్టిన రాయి ట్యాంకులో వేసి, నాకేసినదాన్ని మళ్ళీ బకెట్‌లోకి మార్చండి. ఉడికీ ఉడకనట్టు మరిగించిన కీరా ముక్క లేదా ఆల్గే వేఫర్ రాత్రి లైట్ ఆరాక వేసి, మిగిలింది పొద్దున్నే తీసేయండి, లేకపోతే నీళ్ళు చెడతాయి. వేఫర్ ముట్టడానికి కొన్ని ఓటోలు చాలా రోజులు తీసుకుంటాయి, కాబట్టి రాళ్ళ ఏర్పాటు చేపలు రాకముందే మొదలుపెట్టండి.

గులకరాయి:
నల్ల కుచ్చుల సంగతి. బాగా పట్టిన పాత ఆకుల్ని మొదట్లో కత్తిరించేయడమే తేలిక. మిగతావాటికి అనూబియాస్‌ని బయటికి తీసి, కుచ్చులున్న చోట మాత్రం 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ బ్రష్‌తో రాసి, కొన్ని నిమిషాలు ఆగి, మంచి నీళ్ళతో కడిగి పెట్టేయండి. కొద్ది రోజుల్లో కుచ్చులు గులాబీ రంగుకి తిరిగితే చచ్చినట్టే. మొక్కలకని లిక్విడ్ కార్బన్ పేరుతో అమ్మేది మాత్రం మీ ట్యాంకులో పోయకండి, చాలావాటిలో ఉండేది గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనం, దానికి వాలిస్‌నేరియా కరిగిపోతుంది.

చెరువుగట్టు:
చచ్చి గులాబీ రంగైన కుచ్చుల్ని అమానో రొయ్యలు ఇష్టంగా తింటాయి, వాటిని కూడా ఆలోచించండి. పెద్దవే తీసుకోండి, చిన్న రొయ్యల్ని డ్వార్ఫ్ గౌరామీలు పొడుస్తాయి. అద్దం మీద గట్టి పచ్చ చుక్కలు వస్తే నెరైట్ నత్తలు ఉన్నాయి, తెల్లటి గుడ్లు అక్కడక్కడా అతికిస్తాయి గానీ మంచినీటిలో అవి పిల్లలు కావు, కాబట్టి ట్యాంకు నిండా నత్తలవుతాయన్న భయం అక్కర్లేదు. చేపలకి జబ్బు చేసి మందు వేయాల్సి వస్తే రాగి ఉందేమో లేబుల్ చూడండి, రొయ్యలూ నత్తలూ దానికి తట్టుకోలేవు.

నీలిరెక్క:
అర్థమైంది. ముందు లైట్, మేత తగ్గించి, ఆకులు కత్తిరించి చూస్తాను. బకెట్‌లో రాళ్ళు రేపే పెడతాను. అవి పచ్చబడ్డాకే ఓటోల సంగతి, ఈలోపు గోధుమ పొరని తుడవకుండా ఒక పక్క అద్దం వాటికోసం వదిలేయనా?

మట్టిగంప:
వదిలేయండి, ముందు అద్దం ఒక్కటి తుడుచుకోండి చాలు. వెనక అద్దం, పక్కవి అసలు ముట్టుకోవద్దు. ఓటోలు వచ్చాక మాత్రం రోజూ రాత్రి టార్చ్‌తో పొట్టలు చూస్తుండండి, రెండు మూడు రోజులు వరసగా సన్నబడుతున్నట్టు కనిపిస్తే రాళ్ళు ఎక్కువ వేయండి.