‘పాఠం’ అనడానికి రాత ఉండాలా? సోమాలీ పద్యం దగ్గర ఒక ఆలోచన

మౌఖిక కవిత్వానికి స్థిరపాఠం ఉండదని, పాడిన ప్రతిసారీ అది కొత్తగా పుడుతుందని ఇక్కడ ఒక మిత్రులు రాశారు. యుగోస్లావియా వీరగాథల గాయకులను పరిశీలించి పారీ, లార్డ్ అనే పండితులు చెప్పిన మాట అది. ఆ గాథలకు అది సరిపోతుంది కాని, తూర్పు ఆఫ్రికాలోని సోమాలీల ‘మాన్సో’ అనే పద్య సంప్రదాయానికి సరిపోదని నా గట్టి నమ్మకం.

గబయ్, గేరార్, జీఫ్తో, స్త్రీలు చెప్పే బురాన్‌బుర్ వంటి పద్యరీతులు మాన్సో కిందికి వస్తాయి. కవి పద్యాన్ని ముందే మనసులో కూర్చుకొని వినిపిస్తాడు. కంఠస్థం చేసి మరోచోట చెప్పేవాడు కర్త పేరు చెప్పి తీరాలి, సొంత మాట చేర్చకూడదు. పాత పనిపాటలకు ఈ కట్టుబాటు లేదు. సోమాలీకి అధికారిక లిపి ఏర్పడింది 1972లో. అయినా 1920లో మరణించిన సోమాలీ కవి, నాయకుడు సయ్యద్ మహమ్మద్ అబ్దుల్లా హసన్ పద్యాలు ఆయనవిగానే జనం నోట నిలిచాయి.

పద్యం కట్టడి కూడా ఇందుకు తోడ్పడుతుంది. గబయ్ పాదం రెండు ఖండాలుగా విరుగుతుంది, ఒక్కో ఖండంలో ఒక మాటైనా నిర్ణీత ధ్వనితో మొదలుకావాలి. మన యతి పాదపాదానికీ మారుతుంది. అక్కడ మాత్రం పద్యం ఎంత పొడవైనా మొదట ఎత్తుకొన్న ధ్వనినే చివరిదాకా నిలపాలి (అచ్చులన్నిటికీ పరస్పరం చెల్లుతుంది). దానిపైన హ్రస్వదీర్ఘాల కొలత ఒకటి. దాని సూత్రాలను కవి గారియె 1970లలో బయటపెట్టాడు. ఒక మాట జారిపోతే, అదే ధ్వనితో, అదే కొలతతో, అదే అర్థంతో మరో మాట దొరకడం అరుదు.

అయినా తేడాలు రాకపోవు. పాదాలు జారిపోతాయి, మాటలు తారుమారవుతాయి. అయితే వినేవారు దాన్ని కొత్త రూపంగా మెచ్చుకోరు, చెప్పినవాడి తప్పుగా ఎంచుతారు. తప్పు చెప్పడం సాధ్యమైన చోట ఒప్పు ఒకటి ఉన్నట్టే కదా.

మన ‘పాఠం’ అనే మాటకు మూలమైన ‘పఠ్’ ధాతువులో ఉన్నది పైకి చదవడమే. వేదాన్ని వల్లించే పద్ధతులను పదపాఠం, క్రమపాఠం అన్నప్పుడు తాటాకు ప్రసక్తి లేదు. అందుచేత మాన్సో విషయంలో కనిపించే తేడాలను ‘పాఠాంతరాలు’ అనీ, వీరగాథల తేడాలను ‘రూపాంతరాలు’ అనీ వేరుగా వాడుదామని నా ప్రతిపాదన.