ఉష్ణమాపకం కొలిచేది ఉష్ణాన్నేనా?

సైన్సు చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఏడో తరగతి చదివే మా అమ్మాయి నిన్న గిన్నె నిండా మంచుముక్కలు వేసి, సన్నని సెగ మీద పెట్టి, కలుపుతూ థర్మామీటర్ వంక చూస్తూ కూర్చుంది. జ్వరం చూసేది కాదు, ప్రయోగాలకు వాడే పొడుగుది. సున్నా దగ్గర ఆగింది. కింద మంట, లోపల మంచు కరుగుతూనే ఉంది, గొట్టంలో ద్రవం మాత్రం కదలదు. "అమ్మా, ఇది పాడైపోయింది. ఉష్ణమాపకం అంటే ఉష్ణాన్ని కొలిచేదేగా? ఇంత ఉష్ణం లోపలికి పోతుంటే ఒక్క గీత కూడా ఎక్కదేం?" అని నిలదీసింది. పరికరం బాగానే ఉంది. తేడా పేరులోనే ఉందేమో అని నా అనుమానం. ఉష్ణమాపకం అనాలా, ఉష్ణోగ్రతామాపకం అనాలా?

జవాబు:
అమ్మాయి సరైన చోటే పట్టుకుందండీ. థర్మామీటర్ ఉష్ణాన్ని కొలవదు. ఎంత వేడిగా ఉందో చెబుతుంది, ఎంత వేడి ఉందో చెప్పదు. ఒక గ్లాసులోనూ ఒక బకెట్‌లోనూ 60 డిగ్రీల నీళ్లు ఉన్నాయనుకోండి, రెండింట్లోనూ అదే గీత చూపిస్తుంది. కానీ బకెట్ నీళ్లను అక్కడిదాకా కాచడానికి పట్టిన ఉష్ణం ఎన్నో రెట్లు ఎక్కువ. మంచు సంగతి ఇంకా చిత్రం. ఒక గ్రాము మంచు సున్నా డిగ్రీల దగ్గరే ఉండి నీరవ్వాలంటే సుమారు 80 కేలరీలు మింగుతుంది. మింగినట్టు ఎక్కడా కనపడనివ్వదు. అందుకే దానికి గుప్తోష్ణం అని పేరు. మన శాస్త్ర పదాల్లో నాకు బాగా నచ్చినవాటిలో ఇదొకటి.

ఇక ఉష్ణోగ్రత అంటే ఉష్ణ + ఉగ్రత, గుణసంధి. ఉష్ణం ఎంత ఉందని కాదు, ఎంత ఉగ్రంగా ఉందని. ఈ మాట కట్టినవారెవరో గానీ తేడా తెలిసి కట్టారు. ఆ లెక్కన ఉష్ణోగ్రతామాపకమే సరైనది. ఉష్ణమాపకం అనే పేరు న్యాయంగా, ఉష్ణాన్నే కొలిచే కెలోరీమీటర్‌కి చెందాలి.

మరొకరు:
తెలుగు మాటను మరీ బోనెక్కించకండి. థర్మోస్ అంటే గ్రీకులో వేడి అనే. థర్మామీటర్ అనే పేరు 17వ శతాబ్దం మొదట్లో పుట్టింది. ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు అని స్కాట్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ తేల్చి చెప్పింది 1760ల ప్రాంతంలో. అంటే పేరు పెట్టేనాటికి ఆ తేడా ఎవరికీ స్పష్టంగా తెలియదు. మనం అనువాదంతో పాటు ఆ పాత పొరపాటును కూడా తెచ్చుకున్నాం, అంతే.

నాకు ఆసక్తిగా అనిపించేది పరికరాల పేర్లలోని చివరి ముక్క. దర్శిని, మాపకం, లేఖిని ఒకటి కాదు. దర్శిని చూపిస్తుంది, మాపకం అంకె చెబుతుంది, లేఖిని రాసి పెడుతుంది. విద్యుద్దర్శిని విద్యుదావేశం ఉందని రేకులు విప్పి చూపిస్తుంది, భూకంపలేఖిని కాగితం మీద గీత గీస్తుంది. గెలీలియో పేరుతో చెప్పుకునే గాజుగొట్టానికి గీతలు లేవు. వేడెక్కిందో చల్లబడిందో మాత్రమే తెలిసేది. కాబట్టి అది ఉష్ణదర్శిని. తర్వాత ఇటలీ వైద్యుడు సాంటోరియో దానికి గీతలు పెట్టి రోగుల మీద వాడాడు, అప్పుడది మాపకమైంది. పిల్లలకు ఈ మూడు ముక్కలు నేర్పితే చాలు, కొత్త పరికరం పేరు వినగానే అదేం చేస్తుందో సగం వాళ్లే చెప్పేస్తారు.

ఇంకొకరు:
మాపకంలో ఉన్నది 'మా' ధాతువు, కొలవడం అని అర్థం. దాని సంతానం లెక్కపెట్టండి: మానం, మాత్ర, పరిమాణం, ప్రమాణం. గ్రీకు మెట్రాన్, అంటే మన మీటర్‌కి మూలం, దీనికి చుట్టమే. కొలమానం తమాషా మాట, కొల అన్నా మానం అన్నా ఒకటే, ఇటు తెలుగు, అటు సంస్కృతం. 'అనుమానం' కూడా ఆ ఇంటిదే. మనకది సందేహం అయిపోయింది గానీ, తర్కశాస్త్రంలో గుర్తును బట్టి ఊహించి తెలుసుకోవడం. పొగను చూసి నిప్పుందనుకోవడం అన్నమాట. ప్రయోగం పాఠంలో 'అనుమానం రాయండి' అంటే పిల్లలు భయపడతారని కాబోలు, అనుమితి అంటారు. పైన మీరు రాసిన "నా అనుమానం" మాత్రం రెండర్థాల్లోనూ సరిపోయింది!

ప్రమాణంతోనూ ఇదే పేచీ. 'పొడవుకు ప్రమాణం మీటరు' అని చదివిన పిల్లాడికి ఒట్టు పెట్టుకోవడమే గుర్తొస్తుంది.

అడిగినామె:
ఇంత ఉందా దీని వెనక! ఒక్కటి చెప్పండి, మరి ఇంట్లో మనం జ్వరం కొలుస్తామని అనం కదా? జ్వరం చూస్తాం, బీపీ చూస్తాం, షుగర్ చూస్తాం.

జవాబు:
అనం. కొలిచేవి పొడుగూ, పాలూ, బియ్యం. బరువైతే తూస్తాం. పుస్తకం 'ద్రవ్యరాశిని త్రాసుతో కొలుస్తారు' అంటుంది, కొట్లో ఎవరూ అలా అనరు. తెలుగు క్రియ అన్నిటికీ ఒకటి కాదు, పరికరాన్ని బట్టి మారుతుంది. అంకె చెప్పే పరికరం చేతిలో ఉన్నా మన నోటికి జ్వరం 'చూడటమే' వస్తుంది. దర్శిని అన్న మాట తెలియకుండానే ఆ భావం వాడేస్తున్నాం. జ్వరం చూసేదానికి జ్వరమాని అని చక్కటి పేరుంది, అందులోనూ ఆ 'మా' యే.

అయితే పరీక్షలో ఉష్ణమాపకం అని రాస్తే తప్పు పట్టకండి, వాడుకలో స్థిరపడిపోయింది. నేనైతే క్లాసులో థర్మామీటర్ అంటాను, అది కొలిచేది ఉష్ణోగ్రత అని పక్కనే చెబుతాను. ఉష్ణోగ్రతామాపకం నోరు తిరగదని పిల్లల ఫిర్యాదు.

అడిగినామె:
మా అమ్మాయికి ఇదంతా చదివి వినిపించాను. థర్మామీటర్ డబ్బా మీద పేరు మారుస్తానని కాగితం అంటించింది. చోటు చాలక 'ఉష్ణోగ్రతామా' దగ్గర ఆగింది.