కలకత్తా ఆక్యుపంక్చర్ కాలేజీల సంగతి ఎవరికైనా తెలుసా?

మాది విజయనగరం. మా మేనకోడలు ఫిజియోథెరపీ అయ్యాక ఇప్పుడు ఆక్యుపంక్చర్ (ఒంట్లో సూదులు గుచ్చి చేసే చైనా వైద్యం) నేర్చుకుంటానంటోంది, కలకత్తా అయితే రాత్రి హౌరా రైలెక్కితే పొద్దున్నకి దిగిపోవచ్చు కదా అని అటే చూస్తున్నాం. డాక్టర్ బిజయ్ కుమార్ బసు (1938లో మనదేశం నుంచి వైద్యబృందంలో డాక్టర్ కోట్నీస్‌తో పాటు చైనా వెళ్లినాయనే) తర్వాత మళ్లీ వెళ్లి ఈ వైద్యం నేర్చుకొచ్చి 1959లో అక్కడ మొదలెట్టారంట, బెంగాల్‌లో 1996లోనే ఈ వైద్యానికి చట్టం కూడా వచ్చింది. మరి ఆ తర్వాత కాలేజీలు, వాటి క్లినిక్‌లు ఎలా పుట్టాయో తెలిసినోళ్లున్నారా? ముఖ్యంగా స్టూడెంట్ సూది గుచ్చుతుంటే పక్కన సార్ నిలబడతారా, సూదులు ఒక్కసారి వాడి పారేస్తారా? ఎందుకంటే మా వీధిలో ఒకాయన గోడకి చార్టు, బల్లమీద స్టీలు డబ్బాలో సూదులు పెట్టుకుని వారంలో సర్టిఫికెట్ ఇచ్చేస్తానంటున్నాడు, నాకైతే అదేం చదువో అర్థం కాలేదు. అక్కడ చదివినోళ్లుంటే కాస్త చెప్పండి బాబూ, ఫీజు సంగతి కూడా.