చచ్చుబడిందా, సొమ్మసిల్లిందా?

తిరుపతిలో మా మేనత్తకు ఎకో (గుండె స్కానింగు) తీసి, "గుండె కండ ఒకపక్క చచ్చుబడిందమ్మా" అని చెప్పినారు. బైపాస్ మాట ఎత్తగానే ఆమె, "చచ్చినదానికి కోత ఎందుకు నాయనా?" అనింది. రెండు నెలలుగా అదే మాట. అందుకే ఈ గుంపులో అడుగుతున్నా: కదలిక తగ్గిన ప్రతి కండనూ 'చచ్చుబడింది' అనొచ్చా?

చచ్చి మచ్చకట్టిన కండ వేరు. కదలకపోయినా ప్రాణమున్న కండ వేరు. ఇందులో రెండు రకాలు. రక్తం కాసేపు ఆగి మళ్ళీ పారినా కొన్నిసార్లు కండ వెంటనే కోలుకోదు. రక్తం తిరిగొచ్చేటప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్స్ (కణాలకు హాని చేసే చురుకైన అణువులు), కణాల్లో పేరుకున్న కాల్షియం దాన్ని దెబ్బతీస్తాయి. గంటలు, రోజులు, ఒక్కోసారి వారాలకు తేరుకుంటుంది. 1982లో బ్రాన్‌వాల్డ్, క్లోనర్ అనే గుండె డాక్టర్లు దీన్ని 'స్టన్డ్' అన్నారు. నేను 'సొమ్మసిల్లిన కండ' అంటాను. సొమ్మసిల్లిన మనిషి లేస్తాడని ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు.

చిక్కంతా రెండో రకంతోనే, 'హైబర్నేటింగ్' అంటారు, కొన్ని జంతువులు చలికాలమంతా నిద్రపోయినట్టు. నెలల తరబడి రక్తం చాలీచాలకుండా వచ్చినా, పదేపదే సొమ్మసిల్లినా, కండ పని తగ్గించుకొని బతుకుతుంది. రక్తం సరిగా అందిస్తే చాలావరకు కోలుకోగలదు. బడి పుస్తకాల్లోని 'సుప్తావస్థ' మా అత్తకు ఎక్కదు. మీ పక్క ఏమంటారు?

స్పందన: పక్షవాతంతో కాలు చచ్చుబడిందంటే కాలే చచ్చిందని ఎవరూ అనుకోరు కదండీ?

జవాబు: నిజమేనండీ. కానీ కాలు కంటికి కనిపిస్తుంది, చేత్తో పిసికి చూస్తాం. గుండె విషయంలో మనిషికి డాక్టరు మాటే దిక్కు. అందుకే ఆ మాటలో చావు ఉండకూడదంటున్నా.

స్పందన (పలమనేరు నుంచి): 'ప్రాణం ఉగ్గబట్టుకొని ఉంది' అనండన్నా. కరువులో సంసారం మాదిరి, రాబడి తగ్గితే ఖర్చు తగ్గించుకొని వానకోసం చూస్తా ఉంటుంది.

జవాబు: ఇంతకన్నా మంచి మాట నాకు తట్టలేదు తమ్ముడూ. రక్తం తగ్గినంత మేరకు పని తగ్గించుకోవడమే దాని గుట్టు. అయితే ఈ మాట పరీక్ష అయినాకే వాడాలి. నిజంగా మచ్చకట్టిన కండకు వాడితే లేని ఆశ పెట్టినట్టవుతుంది. మా అత్తకు నిన్న డోబుటమైన్ ఎకో చేసినారు, అంటే గుండెను గట్టిగా కొట్టుకునేలా చేసే మందు ఎక్కిస్తూ తీసే ఎకో. కొద్దిపాటి మందుకే ఆ పక్క కండ కదిలింది. రాత్రి ఆమెతో, "అది చావలేదత్తా, ప్రాణం ఉగ్గబట్టుకొని ఉంది" అన్నా. కాసేపు పలకలేదు. తర్వాత, "అట్లయితే మడవ తిప్పమను నాయనా" అనింది.