మచ్చు కవర్లు చూస్తే మిర్చి తేమ, తాలు అంచనా వస్తుందా? మార్కెట్ యార్డుకే వెళ్లాలా?

ప్రశ్న
గుంటూరులో చిన్న కారం మిల్లు పెట్టబోతున్నాం. తేజ, 334, బ్యాడగీ మిర్చి రకాలు పావుకిలో మచ్చు కవర్లలో తెప్పించి రోజూ పట్టి చూస్తున్నా. ఏది ఏ రకమో చెప్పగలుగుతున్నా. అమ్మకానికి పెట్టిన బస్తాల లాట్ ముందు నిలబడితే మాత్రం తేమెంత, తాలెంత (రంగు పోయి తెల్లబారిన కాయ ఎంత) అన్నది అందడం లేదు. ఏం చేయాలి?

జవాబు 1
రకం గుర్తుపట్టడం తేలికేనండీ. తేజ సన్నం, ఘాటు. బ్యాడగీ ముడతలు, రంగెక్కువ, కారం తక్కువ. అది ఇంట్లోనూ వస్తుంది. డబ్బు పోయేది తేమ, తాలు దగ్గర. మీ కవర్లలోవి ఏరిన కాయలు, పైగా ఇంట్లో ఇంకా ఆరిపోయి ఉంటాయి. టిక్కీలో (మిర్చి బస్తాలో) పైకాయ ఒకలా, నడుమ కాయ ఇంకోలా ఉంటాయి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు బాగా దిగుతుంది, అప్పుడు యార్డుకు వెళ్లండి. కమీషన్ కొట్టువాళ్లను అడిగి నడుమ నుంచి గుప్పెడు తీయించండి. ఊపితే గింజ గలగలమనాలి. తొడిమ మొదట్లో నొక్కి చూడండి, చెమ్మ చివరగా ఆరేది అక్కడే. ముట్టుకోగానే నలిగితే మరీ ఎండిపోయింది, గింజ రాలి తరుగు పోతుంది. తేమ 11 శాతం దాటిన సరుకు నిల్వపెడితే బూజు పట్టే ప్రమాదం ఉంది.

జవాబు 2
పై మాటకు ఒకటి కలుపుతా. ఊరికే తిరిగితే కూడా రాదు. ధర పడకముందే మీ అంచనా కాగితం మీద రాయండి, పడ్డాక పోల్చండి. కొన్న లాట్లోంచి కిలో తీసి తాలు, విరిగిన కాయ, రాలిన గింజ విడివిడిగా తూచండి. 12 శాతం తేమున్న 40 కిలోల టిక్కీ 8 శాతానికి ఆరితే మిగిలేది 38 కిలోల 260 గ్రాములు. ఆ తేడా మీ కాటాలో చూస్తేనే చేతికి లెక్క తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు
తేమ మీటరు కొంటే సరిపోదా అన్నా?

జవాబు 3
కొనండి, కానీ ముందు చేత్తో చెప్పి తర్వాత మీటరు పెట్టండి. వరస తిరగబడితే చెయ్యి ఎప్పటికీ నేర్చుకోదు. కోల్డ్ స్టోరేజీ నుంచి అప్పుడే తీసిన కాయకు బయటి చెమ్మ పడుతుంది, ఒక రోజు ఆగి చూడండి. రంగు ట్యూబ్‌లైట్ కింద తేల్చొద్దు, షెడ్డు అంచున పగటి వెలుగులోకి పట్టుకొచ్చి చూడండి. మాస్కు మర్చిపోకండి, దగ్గుతూ వాసన పట్టలేరు.